వేసవిలో పూసే హెదర్‌కు ఎలాంటి నేల కావాలి?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్ దగ్గర ఉంటున్నాం. మూడేళ్ల క్రితం ఆగస్టులో స్కాట్లాండ్ వెళ్లినప్పుడు కొండల నిండా ఊదారంగులో పూసిన హెదర్ అనే చిన్న పొదను చూసి ముచ్చటపడ్డాను. ఏడాది పొడవునా ఆకు రాలకుండా నేలను కప్పి ఉంచుతుందని, కలుపు బాధ తప్పుతుందని విని, ఇంటి ముందు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న వాలులో 12 మొక్కలు నాటాను. పశువుల ఎరువు వేసి, కుళాయి నీళ్లు తప్పకుండా పోశాను. రెండో ఏటికి కాడలు సాగి, మధ్యలో బోసిపోయాయి. మా ఊళ్లో మందారను కొట్టినట్టే మొదలంటా కత్తిరించాను. ఆ తరువాత ఒక్కటీ చిగురించలేదు. పొరపాటు ఎక్కడ జరిగింది? మళ్లీ నాటవచ్చా?
– ఒక పాఠకురాలు, రెడింగ్

జవాబు: మీరు మొక్కలను శ్రద్ధగానే చూసుకున్నారు. అయితే ఆ శ్రద్ధ మందారకు, గులాబీకి సరిపోయే తీరులో సాగింది. హెదర్‌ది వేరే స్వభావం. మీరు కొండల మీద చూసింది కలూనా వల్గారిస్. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే. జూలై, ఆగస్టులలో పూత మొదలై శరదృతువు దాకా సాగుతుంది. అది పుట్టి పెరిగిన కొండనేలల్లో సారం తక్కువ, ఆమ్లగుణం ఎక్కువ. వేళ్లలో కాపురముండే ఒక రకం శిలీంధ్రం తోడ్పాటుతో ఆ నిస్సారమైన నేల నుంచే తనకు కావలసిన పోషకాలను రాబట్టుకుంటుంది. అటువంటి మొక్కకు పశువుల ఎరువు వేస్తే కాడలు మెత్తగా సాగి, బరువుకు పక్కలకు వాలిపోయి, మధ్యభాగం ఖాళీ అవుతుంది. కాబట్టి ఇకమీదట ఏ ఎరువూ వేయకండి.

రెండో సంగతి సున్నం. మీ ప్రాంతపు కుళాయి నీటిలో సున్నం ఎక్కువని మీ ఇంట్లో కెటిల్ అడుగున పేరుకునే తెల్లని పొరే చెబుతుంది. ఆ నీటిని ఏడాది పొడవునా పోస్తే నేలలో ఆమ్లగుణం క్రమంగా తగ్గి, మొక్కకు ఇనుము అందక ఆకులు పసుపు పచ్చబడతాయి. వాననీటిని పీపాలో పట్టి అదే పోయండి. మీది కొత్త ఇల్లయితే, కట్టుబడి సమయంలో మిగిలిన సిమెంటు, సున్నపు పెళ్లలు మట్టిలో కలిసి ఉండే అవకాశం కూడా ఉంది. చెంచాడు పొడిమట్టి మీద కాస్త వెనిగర్ పోసి చూడండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టే. పొంగకపోయినా తోట దుకాణాల్లో దొరికే, నేల ఆమ్లగుణాన్ని కొలిచే పీహెచ్ పరీక్ష చేసుకోవడం మంచిది. 4.5 నుంచి 6 మధ్య ఉంటే నిశ్చింతగా నాటవచ్చు.

ఇక కత్తిరింపు. మొక్కలు పూర్తిగా చనిపోవడానికి చివరి కారణం ఇదేనని నా అభిప్రాయం, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ఒక రెమ్మను చేతిలోకి తీసుకుని చూడండి. సన్నని పొలుసుల్లాంటి ఆకులు నాలుగు వరుసల్లో, జడ అల్లినట్టు ఒకదాని మీద ఒకటి అమరి ఉంటాయి. మనం పూరేకులనుకునే ఆ ఊదారంగు నిజానికి రక్షకపత్రాలది. అవి ఎండినా రాలవు కనుకనే చలికాలమంతా పొదల మీద గోధుమరంగు పూత నిలిచి ఉంటుంది. పూల వెన్ను నుంచి బొటనవేలిని కిందికి జరుపుతూ వస్తే కొంతదూరం పచ్చని ఆకులు తగులుతాయి, ఆ తరువాత ఆకు లేని గోధుమరంగు పుల్ల మొదలవుతుంది. మందార పుల్ల ఎక్కడ కొట్టినా కన్ను విచ్చుకుని చిగురిస్తుంది. హెదర్ మొక్క ముదిరిన ఆ పుల్ల నుంచి మళ్లీ చిగురు వేయడం చాలా అరుదు. అందువల్ల ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో, కొత్త చిగురు రాకముందే, ఎండిన పూలకు కాస్త దిగువన, ఆకుపచ్చ భాగం ఇంకా మిగిలి ఉండేటట్టు కత్తెర వేయాలి. నాటిన తరువాతి వసంతం నుంచే ఈ పని మొదలుపెడితే పొద గుబురుగా, నేలకు అంటిపెట్టుకుని ఉంటుంది. రెండు మూడేళ్లు వదిలేసి ఒక్కసారిగా సరిచేద్దామంటే కుదరదు.

మళ్లీ తప్పకుండా నాటండి. మీ స్థలం 6 చదరపు మీటర్లు. 12 మొక్కలు దానికి చాలవు, ఆ ఖాళీల్లోకే కలుపు వచ్చి ఉంటుంది. 40 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో నాటితే సుమారు 30 మొక్కలు పడతాయి, రెండు మూడేళ్లలో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అవి కలిసేలోగా కలుపును చేత్తో తీయక తప్పదు. ఎండ బాగా పడాలి, నీరు నిలవకూడదు. వాలు కావడం మీకు కలిసివచ్చేదే. కింది ఆకులు మట్టిని తాకేటంత లోతుగా నాటి, చుట్టూ చివికిన చెట్టుబెరడు పరవండి. మొదటి వేసవి మాత్రం మట్టి ఎండనివ్వకండి. ఆమ్లనేల మొక్కలకు అమ్మే కంపోస్టు కొనేటప్పుడు పీట్ (తడినేలల్లో పేరుకున్న, సగం చివికిన మొక్కల పదార్థం) లేనిదే అడగండి. వేల ఏళ్లుగా కర్బనాన్ని దాచుకున్న తడినేలలను తవ్వి తెచ్చే పీట్ మన పూలతోట కోసం వాడటం నాకు సమ్మతం కాదు.

రకాల్లో 'కౌంటీ విక్లో' లేత గులాబీరంగు ముద్దపూలతో తక్కువ ఎత్తులో పరుచుకుంటుంది. 'రాబర్ట్ చాప్‌మన్' ఆకులు వేసవిలో బంగారు వన్నెలో ఉండి, చలి ముదిరేకొద్దీ నారింజ, ఎరుపు రంగుల్లోకి తిరుగుతాయి. పూలు లేని జనవరిలో కూడా చూడముచ్చటగా ఉంటుంది కనుక వాలులో సగం దానికే ఇవ్వమంటాను. మట్టిలో సున్నం ఉన్నట్టు తేలితే మాత్రం కలూనా మీద ఆశ వదులుకోండి. గంధకం చల్లి నేలను మార్చవచ్చంటారు గాని, సున్నపురాయి ఉన్న చోట ఆ శ్రమ నిలవదు. అలాంటి నేలలో కలూనాకు దగ్గరి బంధువు, చలికాలం చివర పూసే ఎరికా కార్నియా బాగా వస్తుంది. వేసవి పూతే కావాలంటే, తటస్థానికి దగ్గరగా ఉన్న నేలను కలూనా కంటే బాగా తట్టుకునే ఎరికా వేగన్స్‌ను ప్రయత్నించవచ్చు.

న్యూజిలాండ్‌లో ఉన్న మన పాఠకులు ఈ జవాబు చదివి కలూనా నాటవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. వేటపక్షుల కోసం 1912 నుంచి టోంగరీరో జాతీయ వనంలో వెదజల్లిన ఈ మొక్క అక్కడి స్థానిక మొక్కలను అణిచివేసే కలుపుగా మారింది; దాన్ని తినే ఒక పెంకుపురుగును 1996లో యూరప్ నుంచి తెచ్చి వదలవలసి వచ్చింది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా ఇంటి నడవ అంచున హెదర్ పెంచవచ్చా? నర్సరీలో ఆ పేరుతోనే ఒక మొక్క చూపించారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అసలు హెదర్ మన ఎండలకు తట్టుకోదు. మీకు చూపించింది బహుశా కఫియా హిస్సోపిఫోలియా అయి ఉంటుంది. మెక్సికో, మధ్య అమెరికాలకు చెందిన ఈ మొక్క పైకి హెదర్‌ను పోలి ఉన్నా, కుటుంబం మాత్రం మన గోరింటది. మీకు కావలసినది అదే. అడుగుకు ఒకటి చొప్పున నాటి, మాగిన ఎరువు, వారంలో రెండు మూడుసార్లు నీళ్లు ఇస్తే చిన్న ఊదారంగు పూలతో ఏడాదిలో ఎక్కువ కాలం పూస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండ నేరుగా పడని చోటు చూసి పెట్టండి.