పాఠకుల ప్రశ్నలు: కాగితం మీద అయిదు జట్లు, కోర్టులో రెండే

ప్రశ్న: బాస్కెట్‌బాల్ జట్టు డాలస్ మావెరిక్స్ పాత రికార్డుల్లో స్టీవ్ నాష్ ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) దగ్గర మార్టిన్ మ్యూర్‌సెప్ అనే ఎస్టోనియా ఆటగాడి పేరు కనిపించింది. అతని పేరు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అయిదు జట్ల లెక్కల్లో ఉంది, మ్యాచ్‌లు మాత్రం రెండింటికే ఉన్నాయి. ఎందుకండీ?
– ఒక పాఠకుడు, ఇర్వింగ్, టెక్సస్

జవాబు: ఎన్‌బీఏలో చేతులు మారేది కాంట్రాక్టు. ఆటగాడు కోర్టులో దిగకుండానే అది రెండు జట్లు దాటిపోవచ్చు. 1974లో టాలిన్‌లో పుట్టిన మ్యూర్‌సెప్‌ను 1996 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, 25వ పిక్‌గా (వంతుగా) ఎంచుకున్నది యూటా జాజ్. తర్వాతెప్పుడో రాబోయే ఒక మొదటి రౌండ్ పిక్‌కు బదులుగా అతని హక్కులను మయామీ హీట్‌కు ఇచ్చేసింది. మయామీకి 10 మ్యాచ్‌లు ఆడి, ఎన్‌బీఏలో ఆడిన తొలి ఎస్టోనియన్ అయ్యాడు. 1997 ఫిబ్రవరిలో జమాల్ మాష్‌బర్న్ కోసం సాషా డానిలోవిచ్, కర్ట్ థామస్‌లతో పాటు అతన్నీ డాలస్‌కు పంపారు. అక్కడ 73 మ్యాచ్‌లు ఆడాడు.

1998 జూన్‌లో నాష్ కోసం డాలస్ ఇచ్చినవి: మ్యూర్‌సెప్, బబ్బా వెల్స్ అనే ఇద్దరు ఆటగాళ్లు, డ్రాఫ్ట్‌లో ఎంపికైన పాట్ గారిటీపై హక్కులు, ఒక మొదటి రౌండ్ పిక్. ఇవన్నీ వెళ్లింది ఫీనిక్స్ సన్స్ జట్టుకు. ఆ పిక్‌తోనే ఫీనిక్స్ మరుసటి ఏడాది షాన్ మారియన్‌ను తెచ్చుకుంది. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. జూలై 1న లీగ్‌లో లాకౌట్ (ఆటగాళ్లతో ఒప్పందం కుదరక యజమానులు లీగ్‌ను మూసేయడం) మొదలై 1999 జనవరి దాకా సాగింది. క్యాంపు లేదు, మ్యాచ్ లేదు, కొత్త కోచ్‌కు ఆట చూపించే వీలే లేదు. తాళాలు తీసీ తీయగానే లూక్ లాంగ్లీ కోసం ఫీనిక్స్ అతన్ని చికాగోకు పంపింది, చికాగో వదిలేసింది. జీతాల పరిమితి దాటిన జట్టు, తెచ్చుకునే ఆటగాడి జీతానికి దాదాపు సరితూగే జీతాలను పంపాలి. పెద్ద ట్రేడ్‌లలో బెంచి ఆటగాళ్ల పేర్లు సాధారణంగా చేరేది అందుకే. 24 ఏళ్ల వయసులో సగం సీజన్ అలా పోయిన మనిషిని ‘ఎన్‌బీఏలో నిలవలేకపోయాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం అన్యాయం.

ప్రశ్న: అతని ఎన్‌బీఏ, యూరప్ అంకెలను ఒకే పట్టికలో వేస్తున్నాను. నేరుగా పోల్చవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వద్దు. ముందు మూడు పాయింట్ల గీత సంగతి చూడండి. 1996–97లో ఎన్‌బీఏ గీత బుట్ట నుంచి అన్ని వైపులా 6.71 మీటర్ల దూరంలో ఉండేది. మరుసటి సీజన్‌కు మూలల్లో తప్ప 7.24కు వెనక్కి జరిపారు. యూరప్‌లో 2010 దాకా 6.25. కాబట్టి మూడు పాయింట్ల శాతానికి మూడు వేర్వేరు గడులు పెట్టండి, కలిపి సగటు తీయకండి.

సమయం రెండోది. ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, యూరప్‌లో 40. మొత్తం పాయింట్లను మొత్తం నిమిషాలతో భాగించి 40తో హెచ్చవేయండి. 15 నిమిషాల్లో 6 పాయింట్లు చేసే ఆటగాడికి 16 వస్తుంది. అయితే మ్యాచ్ తేలిపోయాక దిగే బెంచి ఆటగాడికి ఈ లెక్క లేనిపోని గొప్ప కట్టబెడుతుంది. అందుకే పక్కనే మొత్తం నిమిషాలు రాయండి. 500కు తక్కువైతే ఆ అంకెను నమ్మకండి.

యూరప్ గడిలోనూ 2000 దగ్గర ఒక అడ్డుగీత కొట్టాలి. అంతకుముందు రెండు 20 నిమిషాల భాగాలు, 30 సెకన్ల షాట్ క్లాక్ (బంతి చేతికొచ్చాక బుట్టలోకి వేయడానికి ఉండే గడువు). ఆ తర్వాత నాలుగు 10 నిమిషాల క్వార్టర్లు, 24 సెకన్లు. బంతి చేతికొచ్చే సార్లు పెరిగాయి, అంకెలూ పెరిగాయి. పైగా యూరప్‌లో బుట్ట ముందరి ‘కీ’ (దాడి చేసే జట్టు ఆటగాడు మూడు సెకన్లకు మించి నిలవకూడని చోటు) 2010 దాకా కిందికి పోయేకొద్దీ వెడల్పయ్యేది, ఎండ్‌లైన్ దగ్గర 6 మీటర్లు. 2.06 మీటర్ల ఫార్వర్డ్ కూడా అక్కడ బుట్టకు దూరంగా నిలబడి బంతి అందుకోవాల్సిందే. రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం) చూసేటప్పుడు ఇది మరవకండి.

2004లో రష్యాలోని కజాన్ జట్టు యునిక్స్, యూరప్ క్లబ్బుల పోటీ అయిన ఫిబా యూరప్ లీగ్ గెలిచినప్పుడు, చివరి నాలుగు జట్లు తలపడే ఫైనల్ ఫోర్‌లో అత్యుత్తమ ఆటగాడు మ్యూర్‌సెప్. నా దృష్టిలో అతని ఆటకు అసలు కొలత ఎన్‌బీఏ సగటు కాదు, ఇదే.

ప్రశ్న: అతని తర్వాత ఎన్‌బీఏలో ఆడిన ఎస్టోనియన్ ఎవరైనా ఉన్నారా?
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: ఉన్నాడు. హెన్రీ డ్రెల్, 2024లో చికాగో బుల్స్ తరఫున, టూ-వే కాంట్రాక్టుతో (ఎన్‌బీఏ జట్టుకూ, దాని కింది స్థాయి జట్టుకూ ఆడించే ఒప్పందం).