శత్రువు కనబడకుండానే గుండె దడ

ప్రశ్న: అండీ, మొన్న ఫోన్‌లో ‘డన్‌కర్క్’ అనే యుద్ధ సినిమా చూశాను. శత్రు సైనికులు సరిగ్గా కనబడనే లేదు, అయినా అయిపోయేదాకా ఒకటే టెన్షన్. అలా ఎలా తీశారండీ?
– ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: ముప్పావు వంతు పని శబ్దానిదేనండీ. 2017లో వచ్చిన ఆ సినిమా సంగీతంలో షెపర్డ్ టోన్ అనే కిటుకు ఉంది. ఒకే స్వరాన్ని వేర్వేరు స్థాయిల్లో కలిపి పైకి జరుపుతూ పోతారు, పైది మెల్లగా వినబడకుండా పోయేసరికి కింద నుంచి ఇంకోటి వచ్చి చేరుతుంది, దాంతో శబ్దం ఎంతసేపైనా పెరుగుతూనే ఉన్నట్టు అనిపిస్తుంది కానీ ఆ చివరి మెట్టు మాత్రం రాదు. దానికి తోడు గడియారం టిక్ టిక్. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఇంకా పెరుగుతోందని వింటూ కూర్చున్నప్పుడు మన లంకల్లో వాళ్లకు ఉండే గుబులు చూడండి, అచ్చం అదే.

ఎడిటింగ్ ఇంకా గడుసుది. ఒడ్డున వారం పాటు జరిగే కథ, సముద్రంలో ఒక రోజు కథ, ఆకాశంలో ఒక గంట కథ, ఈ మూడింటినీ కలిపి అల్లారు. ఒకచోట ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో ప్రమాదంలోకి లాగేస్తారు. కెమెరా కూడా చాలావరకు సైనికుడి పక్కనే ఉంటుంది, అతనికి కనబడనిది మనకూ కనబడదు.

ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, ఫోన్ స్పీకర్‌లో సగం పోయినట్టే.