బల్ల మీద ఏముండాలి, బీరువాలో ఏముండాలి

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా లెక్కలు రాస్తున్నాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయని, మా యజమాని పాత కంప్యూటర్ తీసేసి విండోస్ 11 ఉన్న కొత్తది కొన్నారు. స్టార్ట్ బటన్ ఎడమ మూల నుంచి మధ్యకు జరిగింది. మెనూలో నేను పెద్ద గళ్లుగా అమర్చుకున్నవి ఒక్కటీ లేవు. పైగా పాత ఫైళ్లన్నీ తెచ్చి తెర మీదే పోశారు. తక్‌పట్టీలు (రైతు సరుకు అమ్మకం లెక్క చీటీలు), బ్యాంకు కాగితాలు, మా మనవరాలి ఫొటోలు అన్నీ కలిసిపోయి, రైతు ఎదురుగా నిలబడి ఉండగా ఒక పట్టీ వెతకడానికి పది నిమిషాలు పడుతోంది. సీజన్ ముంచుకొచ్చేలోగా దీన్ని ఒక దారికి తెచ్చుకోవడం ఎలాగో చెప్పగలరు.
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: స్టార్ట్ బటన్ సంగతి అర నిమిషం పని. కింది పట్టీ మీద, అంటే టాస్క్‌బార్ మీద, ఖాళీ చోట కుడి క్లిక్ చేసి ‘టాస్క్‌బార్ సెట్టింగ్స్’ తెరవండి. అందులో ‘టాస్క్‌బార్ బిహేవియర్స్’ కింద అలైన్‌మెంట్‌ను ‘లెఫ్ట్’కు మార్చితే బటన్ పాత చోటికే వస్తుంది. 1995లో పుట్టిన ఈ బటన్‌ను 2012లో విండోస్ 8లో తీసేసి, మరుసటి ఏడాదే 8.1లో మళ్లీ తెచ్చి పెట్టారు కనుక, అది కనబడక కంగారు పడినవారిలో మీరు మొదటివారేమీ కాదు.

మీరు అమర్చుకున్న పెద్ద గళ్లు మాత్రం తిరిగి రావు, విండోస్ 11లో వాటిని పూర్తిగా తొలగించారు. వాటికి బదులుగా, రోజూ వాడే ప్రోగ్రామ్ మీద కుడి క్లిక్ చేసి ‘పిన్ టు స్టార్ట్’ నొక్కితే అది మెనూ పై భాగంలో నిలిచిపోతుంది. ఒక ఐకాన్‌ను లాగి మరొకదాని మీద వదిలితే రెండూ ఒక ఫోల్డర్‌లో చేరతాయి. పిన్ చేసిన వాటితో పాటు ‘రికమెండెడ్’ పేరుతో మీరు ఈమధ్య తెరిచిన ఫైళ్ల పేర్లు కూడా ఆ మెనూలో కనిపిస్తుంటాయి. ఒక రైతు పట్టీ మరొక రైతు కంట పడే చోట కూర్చుంటారు కాబట్టి, సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, దానిలో స్టార్ట్‌కు వెళ్లి ఇటీవలి ఫైళ్లను చూపే మీటను ఆపేయడమే మంచిదని నా సలహా. అలా ఆపితే ఫోల్డర్లు తెరిచి చూసే కిటికీ, అంటే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని ఇటీవలి ఫైళ్ల జాబితా కూడా పోతుంది, దానికి సిద్ధపడాలి.

ఇక అసలు చిక్కు తెర మీది రద్దీ. డెస్క్‌టాప్ కూడా నిజానికి ఒక ఫోల్డరే. అందుకే మీ ఫైళ్లు అక్కడ ఇమడగలిగాయి, కానీ అది బల్ల వంటిదే తప్ప బీరువా కాదు. డి డ్రైవ్ ఉంటే అందులో, లేకపోతే డాక్యుమెంట్స్‌లో, ‘పట్టీలు’, ‘బ్యాంకు’, ‘ఇంటివి’ అని మూడు ఫోల్డర్లు చేయండి. తరువాత డెస్క్‌టాప్ ఖాళీ చోట కుడి క్లిక్ చేసి, ‘సార్ట్ బై’లో ‘ఐటమ్ టైప్’ ఎంచుకుంటే ఫొటోలన్నీ ఒకవైపు, ఎక్సెల్ ఫైళ్లన్నీ ఒకవైపు చేరతాయి. అప్పుడు గుంపులు గుంపులుగా ఎంచుకుని, కంట్రోల్, ఎక్స్ మీటలతో కత్తిరించి, వాటి ఫోల్డర్లలో కంట్రోల్, వి మీటలతో అతికించండి.

పట్టీలకు పేరు పెట్టడంలో ఒక చిన్న మెలకువ ఉంది. తేదీని మనం మామూలుగా 14-02-2026 అని రాస్తాం. కంప్యూటర్ పేర్లను ఎడమ నుంచి చదివి వరుస పెడుతుంది గనుక, అలా రాస్తే జనవరి 14, ఫిబ్రవరి 14, మార్చి 14 పట్టీలు ఒకే చోట పడి, ఫిబ్రవరి 15 ఎక్కడో కిందికి పోతుంది. 2026-02-14 అని ఏడాదితో మొదలుపెట్టి, తరువాత రైతు పేరు, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య రాస్తే రోజుల వరుస దానంతట అదే కుదురుతుంది.

ఆ ‘పట్టీలు’ ఫోల్డర్‌ను మాత్రం బల్ల మీదికి తెచ్చుకోవాలి. దాని మీద కుడి క్లిక్ చేసి, ‘షో మోర్ ఆప్షన్స్’, ‘సెండ్ టు’, ‘డెస్క్‌టాప్’ వరుసగా నొక్కితే షార్ట్‌కట్, అంటే అసలు ఫోల్డర్‌కు దారి చూపే గుర్తు, తయారవుతుంది. షార్ట్‌కట్ మూలలో వంకర బాణం గుర్తు ఉంటుంది. బాణం ఉన్నదాన్ని చెరిపినా అసలు ఫైల్ క్షేమంగానే ఉంటుంది, బాణం లేనిదాన్ని చెరిపితే అసలుదే పోయినట్టు. మాకు తెలిసిన ఒక కొట్టులో కుర్రవాడు ఈ తేడా చూడకుండా తెరంతా శుభ్రం చేసి, ఏడాది లెక్కలను రీసైకిల్ బిన్ నుంచి తోడుకోవలసి వచ్చింది.

మిగిలిన ఐకాన్లు మీరు పెట్టిన చోటే ఉండాలంటే, ఖాళీ చోట కుడి క్లిక్ చేసి ‘వ్యూ’లో ‘ఆటో అరేంజ్’ ఎదురుగా ఉన్న టిక్కు తీసేయండి. ఐకాన్లు ఆనకపోతే కంట్రోల్ నొక్కి పట్టుకుని మౌస్ చక్రం ముందుకు తిప్పండి, అవి పెద్దవవుతాయి.

ప్రశ్న: విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే పని చేస్తాను. శుభలేఖ దిద్దుతుండగా మౌస్ కింది మూలకు తగిలితే చాలు, వాతావరణం, వార్తల పలక తెరుచుకుని పేజీని కప్పేస్తోంది. దీన్ని ఎలా వదిలించుకోవాలి?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పైన చెప్పిన టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లోనే ‘విడ్జెట్స్’ అనే మీట ఉంది, దాన్ని ఆపేస్తే ఆ పలక మళ్లీ రాదు. ఆ చేత్తోనే పేజ్‌మేకర్‌ను, ఫొటోషాప్‌ను టాస్క్‌బార్‌కు పిన్ చేసి, లాగి మొదటి రెండు స్థానాల్లో పెట్టుకోండి. విండోస్ మీటతో 1 నొక్కితే మొదటిది, 2 నొక్కితే రెండవది తెరుచుకుంటాయి. మౌస్ ఆ మూలకు వెళ్లే పని కూడా తగ్గుతుంది.