బటన్ పుట్టగొడుగులకు కేసింగ్ (కంపోస్టు మీద పరిచే పైపొర) వేసి మూడు వారాలైనా పిన్ హెడ్లు (గుండుసూది తలంత మొగ్గలు) రాకపోతే

కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కేసింగ్ వేసినా మొగ్గ రాలేదేమని కావలి నుంచి అడిగారు. ఆ కోకోపీట్‌లో ఉప్పు మిగిలి ఉంటుంది. కింద కంపోస్టు తెల్లగా ఉండి, పోగు (పుట్టగొడుగు తెల్లటి దారాలు) పైపొరలోకి అక్కడక్కడే ఎక్కిందన్నారు కదా, తప్పు కేసింగ్‌దే.

పీట్ నాలుగుసార్లు కడిగామన్నారు. సరే, ఏ నీళ్లతో? మీ కావలి వైపు, సముద్రం దగ్గర బోర్లు చాలాచోట్ల ఉప్పనే. ఆ నీళ్లతో పదిసార్లు కడిగినా దండగే. అందరూ దెబ్బతినేది ఇక్కడే.

1. ముందు మీటరుతో నీళ్ల ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, mS/cmలో) చూడండి. 0.5 దాటితే కడగడానికీ, స్ప్రేకీ పనికిరాదు.

2. మంచినీళ్లతో పీట్ నానబెట్టి, గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోయండి. ఎర్రటి నీళ్లు తేటపడ్డాయని ఆపొద్దు, ఉప్పు కంటికి కనపడదు. ఒక వంతు పీట్‌కి రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, అరగంటాగి వడగట్టి కొలవండి. ఈసీ 1 లోపుకి రావాలి.

3. సుద్దపొడితో పీహెచ్ 7.5కి తెచ్చి, ఆవిరిలో 65 డిగ్రీల దగ్గర 6 గంటలు ఉంచండి.

ఇప్పుడున్న బ్యాగుల్లో ఉప్పు దిగిపోతుందని నీళ్లు గుప్పించొద్దు, కంపోస్టు నానిపోయి కుళ్లుతుంది. పాత పొర గీరేసి, కడిగిన పీట్ 4 సెంటీమీటర్లు పరవండి. 24 డిగ్రీల్లో పోగు పైకి తొంగిచూశాక గాలి వదిలి, 16–18కి దించండి.