సీఏ అని డిసైడ్ చేశాక నన్నెందుకు అడిగారు?

ఒక తండ్రి రాశారు: "అమ్మాయి ఇంటర్ ఎంఈసీ సెకండియర్. పరీక్షలు దగ్గర పెట్టుకుని ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగం మొత్తం చూసింది. పబ్లిక్ పాలసీ (ప్రభుత్వ విధానాల చదువు) చదువుతానంటోంది. మేం సీఏ అని డిసైడ్ చేశాం. ఏది మంచిది?"

డిసైడ్ చేసేశాక నన్ను అడగడం దేనికండీ? మీ భయం కోర్సు గురించి కాదు, పిల్ల రేపు ఎలా బతుకుతుందా అని. ఆ టెన్షన్ పక్కన పెట్టండి, లెక్కలు చదివి వాటి అర్థం చెప్పగలిగినవాళ్లు ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు.

నా అనుమానం పబ్లిక్ పాలసీ మీదే. డిగ్రీ అవ్వగానే లక్షలు పోసి ఆ పీజీలో చేరిపోవడం ఇప్పుడో ఫ్యాషన్. టీవీలో చూసే ప్రసంగం ఒక్క పూటలో అయిపోతుంది. అసలు పని ఆ తర్వాత: పార్లమెంటు స్టాండింగ్ కమిటీలు ఒక్కో శాఖ పద్దు (ఆ శాఖ ఖర్చుకి అడిగే డబ్బు లెక్క) విప్పి చూస్తాయి, ఎవరో ఎంపీ ఆ పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలని కోత తీర్మానం ఇస్తారు (నెగ్గదని ఆయనకీ తెలుసు), కొన్ని శాఖల మీద చర్చ నడుస్తుంది, గడువు రాగానే గిలెటిన్ (చర్చ ఆపేసి ఒకేసారి ఓటింగ్) పడి మిగతావన్నీ మాటా పలుకూ లేకుండా పాసైపోతాయి. 2018లో, 2023లో లోక్‌సభలో ఒక్క పద్దు మీద కూడా చర్చ జరగలేదు. పద్దులయ్యాక ఖజానా నుంచి ఆ డబ్బు తీసేందుకు ద్రవ్య వినిమయ బిల్లు, పన్నుల కోసం ఫైనాన్స్ బిల్లు. ఇదంతా ఓపిగ్గా చూడగలిగితేనే ఆ చదువు.

తనకి ఏదో ఒక శాఖ పద్దు ఇవ్వండి. అందులో నాలుగు వరసల అంకెలుంటాయి: కిందటేడాది అసలు ఖర్చు, నడుస్తున్న ఏడాది అంచనా, దాన్నే సవరించిన అంచనా, రాబోయే ఏడాది అంచనా. మధ్య రెండిటికీ ఎక్కడో పొంతన కుదరదు. 'ఇక్కడెందుకు తగ్గించారు?' అని తనంతట తనే అడిగితే ఇది ఆ పిల్ల దారే. పది నిమిషాల్లో ఆవలింతలొస్తే తనకి నచ్చింది ప్రసంగం మాత్రమే.

ఆ ప్రశ్న అడిగితే డిగ్రీలో ఎకనామిక్స్, దాంతో స్టాటిస్టిక్స్ చేర్చండి. ఎకనామిక్స్‌లో పీజీ చేస్తే యూపీఎస్సీ వాళ్ల ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాయొచ్చు. ఎంపీల దగ్గర పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్ ఉంది, దానికి డిగ్రీ చాలు. రెండేళ్లు ఉద్యోగం చేశాక కూడా పాలసీ కోర్సు మీద మనసుంటే అప్పుడు కట్టండి ఫీజు. సీఏ ఎక్కడికీ పోదు, డిగ్రీ తర్వాత కూడా మొదలుపెట్టొచ్చు.

పరీక్షలయ్యాక ఒక ఆదివారం ఆ కాగితాలు ముందేసుకుని తన పక్కన కూర్చోండి. సీఏ మాట మాత్రం ఎత్తకండి.