ఊదడానికి కాదు, పీల్చడానికి

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. బైపాస్ అయి 18 రోజులైంది. గుండె బాగుందని ఇంటికి పంపారు. కానీ బాత్రూంకి వెళ్లొచ్చినా ఆయాసపడుతున్నారు. కుట్లు ఊడిపోతాయని దగ్గు ఆపుకుంటున్నారు. ఆసుపత్రిలో ఇచ్చిన మూడు బంతుల పరికరం ఎంత ఊదినా ఒక్క బంతీ లేవట్లేదు. అమ్మ కదలనివ్వడం లేదు. ఆయనకు అలవాటైన కపాలభాతి మళ్లీ మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ముందుగా ఒక పని చేయండమ్మా. రేపే నాన్నగారిని డాక్టరుకు చూపించి, ఛాతీ ఎక్స్‌రే తీయించండి. బైపాస్ తర్వాత ఊపిరితిత్తి చుట్టూ, ముఖ్యంగా ఎడమవైపు, నీరు చేరడం ఉంటుంది. రక్తం తక్కువైనా ఆయాసం వస్తుంది. ఇవి వ్యాయామంతో పోవు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, కాళ్లు వాచినా, జ్వరం వచ్చినా రేపటిదాకా కూడా ఆగవద్దు.

ఇక మీ ఉత్తరంలో 'ఊదినా' అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఆ పరికరం ఊదడానికి కాదు, పీల్చడానికి. ఫిజియోథెరపిస్టుగా రోజూ ఎందరికో నేర్పేదాన్ని, మా నాన్నగారికి ఇదే ఆపరేషన్ అయినప్పుడు ఇంట్లో ఆయన పక్కన కూర్చుని చూడలేదు. నాలుగు రోజులు ఆయన కూడా ఊదుతూనే ఉన్నారు. ఆ బాధ నాకింకా ఉంది. అందుకే ఇప్పుడు ఎవరినైనా నా ఎదుట ఒకసారి చేసి చూపించమని అడుగుతాను. మీరూ నాన్నగారిని అలాగే అడగండి.

మత్తులో, వెంటిలేటర్ మీద గంటలకొద్దీ వెల్లకిలా ఉండడంతో ఊపిరితిత్తుల అడుగున ఉన్న గాలి గదులు ముడుచుకుపోతాయి. తర్వాత నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తుంటే అవి తెరుచుకోవు. కఫం అక్కడే నిలిచి న్యుమోనియాకు దారితీస్తుంది.

నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు ఆయన్ని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి. ఊపిరి మామూలుగా వదిలేసి, గొట్టాన్ని పెదాలతో బిగించి పట్టి, నెమ్మదిగా పీల్చమనండి. బంతి లేచాక రెండు మూడు సెకన్లు ఆగి వదలాలి. బంతుల దగ్గర ఉండే 600, 900, 1200 అంకెలు గాలి వేగానివి. మూడూ ఒక్కసారి ఎగరాలన్న పంతం వద్దు. ఒక్క బంతే లేచినా, ఎక్కువసేపు పీల్చగలిగితే మేలు. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు, మధ్యలో ఆగుతూ చేయాలి. తల తిరిగితే ఆపేయాలి.

దగ్గు గురించి ఆయనకు ధైర్యం చెప్పండి. కోసిన ఎదురొమ్ము ఎముకను స్టీలు తీగలతో బిగిస్తారు. దిండును రెండు చేతులతో గుండెలకు గట్టిగా హత్తుకుని దగ్గితే ఎముకకు ఆసరా ఉంటుంది, నొప్పీ తగ్గుతుంది. మా నాన్నగారు సోఫా దిండు ఒకటి మంచం మీదే పెట్టుకునేవారు, తుమ్ము వచ్చినా దాన్నే వెతుక్కునేవారు. అయితే దగ్గినప్పుడు, కదిలినప్పుడు ఎముక దగ్గర 'టక్'మన్నా, గాయం నుంచి చీము కారినా, కఫం పసుపుగా, ఆకుపచ్చగా వచ్చినా వెంటనే సర్జన్‌కు చెప్పాలి.

కపాలభాతి ఇప్పుడు వద్దు. బలంగా ఊపిరి పీల్చి వదిలే భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం కూడా వద్దు. పొట్టను అలా కుదిపితే ఆ ఒత్తిడంతా ఎదురొమ్ము మీద పడుతుంది. ఎముక అతుక్కోవడానికి సుమారు 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఆ తర్వాత సర్జన్‌ను అడిగే మొదలుపెట్టాలి. అందాకా పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఆ చెయ్యి పైకి లేచేలా నిదానంగా ముక్కుతో పీల్చి వదలడం చాలు.

అమ్మగారి భయం అర్థమవుతోంది. కానీ రోజంతా పడుకుంటే ఊపిరితిత్తుల అడుగుభాగం తెరుచుకోదు. ఎక్స్‌రే చూసి డాక్టరు సరేనన్నాక, వరండాలో ఐదేసి నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు నడిపించండి. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయినట్టే. మాట తెగుతుంటే కూర్చోబెట్టండి. అమ్మగారినే ఆయన పక్కన నడవమనండి.