ఆయన బస్సు గురించి ఎందుకు గొణుగుతాడు

తల్లీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి పడుకునే ముందు, రెండోసారి పొద్దున్నే టీ పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని. "పెద్దమ్మా, మొహమాటం లేకుండా చెప్పండి" అని రాశావు కాబట్టి అలాగే చెబుతాను.

నీకు చూపు ఉంది. ఒకప్పుడు బొగ్గు గనిలో పనిచేసిన ఆ 81 ఏళ్ల మనిషి వాచిన కాళ్లకు నువ్వు బిగుతు మేజోళ్లు తొడిగే పేరా చదువుతుంటే నా వేళ్లకు కూడా నొప్పి తెలిసింది. ఖమ్మం నుంచి ఇంగ్లండ్‌కు కేర్ వర్కర్‌గా, ముసలివాళ్లను ఇళ్లలో చూసుకునే పనికి వచ్చి రెండేళ్లయినా కాకుండా ఇంత దగ్గరగా చూడగలిగావంటే సంతోషంగా ఉంది. కానీ ఆయన నోరు తెరిచినప్పుడల్లా నీ కథ ఆగిపోతోంది. టీవీలో వార్త వస్తుంది, ఆయన తిడతాడు, నువ్వు లోపల్లోపల నవ్వుకుంటావు. మళ్లీ వార్త, మళ్లీ తిట్టు. పింఛను అయ్యాక బస్సు, బస్సు అయ్యాక బ్యాంకు, తర్వాత డాక్టరు, తర్వాత వలసలు. చదవడం అయ్యాక మన పాఠకుడికి మిగిలేది "పాపం, చాదస్తపు తెల్ల తాత" అన్న మాటొక్కటే. నీ కళ్ల ముందున్న మనిషి అంతేనా?

ఇదే తప్పు నేను చేశాను. అది నీకు చెప్పాలి.

నేను బార్న్‌స్లీకి వచ్చింది 1987 సెప్టెంబరులో. మీ పెదనాన్నకు ఇక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం. బొగ్గు గనుల సమ్మె ముగిసి రెండేళ్లు దాటింది, ఒక్కో గనీ మూతపడుతోంది. మా పక్కింట్లో రిటైరైన గని కార్మికుడు ఉండేవాడు. రోజూ గోడ పక్కన నిలబడి బస్సును తిట్టేవాడు. బస్సు రాలేదని కాదు, వచ్చినా తిట్టేవాడు. టికెట్టు చేతిలో పెట్టుకుని, దాన్నే చూస్తూ తిట్టేవాడు. నాకు అది భలే పాత్ర అనిపించింది. ఆయన మీద ఒక కథ రాసి హైదరాబాద్‌లోని ఒక పత్రికకు పంపాను, అచ్చయింది. చదివినవాళ్లంతా బాగా నవ్వుకున్నామని ఉత్తరాలు రాశారు. చాలా గర్వపడ్డాను.

ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు, వేరే పని మీద లైబ్రరీలో పాత పేపర్లు తిరగేస్తుంటే అసలు సంగతి కంటపడింది. ఈ సౌత్ యార్క్‌షైర్ కౌంటీలో 1975 నుంచి 1986 దాకా బస్సు చార్జీలు పెంచలేదు. దేశమంతా ధరలు మండిపోతున్న కాలంలో, పెంచమని పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా, కౌన్సిల్ వినలేదు. పిల్లలకు రెండు పెన్నీలు తీసుకునేవారు. 1986 ఏప్రిల్‌లో ఆ కౌంటీ కౌన్సిల్‌నే ప్రభుత్వం రద్దు చేసింది, చార్జీలు ఒక్కసారిగా ఎగబాకాయి. అదే అక్టోబరులో బస్సుల మీద నియంత్రణ ఎత్తేసి ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచారు. నేను ఈ ఊళ్లో దిగేనాటికి ఇదంతా అయిపోయి ఏడాదే అయింది. ఆ మనిషి తిట్టింది బస్సును కాదు. ఒకప్పుడు చక్కగా నడిచిన ఏర్పాటు ఒకటి తన కళ్లముందే పోయింది, దాన్ని తలుచుకున్నాడు. నాకేమో ఆ తిట్టు వినిపించింది గానీ, ఆ టికెట్టు మీద ధర కనిపించలేదు. అడిగితే ఐదు నిమిషాల్లో చెప్పేవాడు. నేను అడగలేదు. ఆ కథను నేను ఏ సంపుటిలోనూ వేసుకోలేదు.

అందుకే నీకు చెప్పేది ఇదే. ఈ దేశంలో పెద్దవాళ్ల గొణుగుడు వెనక ఎప్పుడూ ఒక లెక్క ఉంటుంది. ఒక బిల్లో, ఒక తేదీయో, ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనిదో. అది దొరికేదాకా ఆ మాటను కథలో పెట్టకు.

నీ కథలోనే చూద్దాం. టీవీలో పింఛను పెరిగిందన్న వార్త రాగానే ఆయన రిమోట్‌ను సోఫాలోకి విసిరేశాడని రాశావు. ఎందుకు విసిరాడు? నువ్వు రాయలేదు. పింఛను పెరిగితే కోపమేమిటని పాఠకుడు అనుకుంటాడు. ఇప్పుడు లెక్క చూడు. 2025లో వార్తల్లో చెప్పిన వారానికి 230 పౌండ్ల 25 పెన్నీలు కొత్త పింఛను. 2016 ఏప్రిల్ 6 నుంచి పింఛను వయసుకు వచ్చినవాళ్లకు అది. నీ కథలోని పెద్దాయన పుట్టింది 1944లో, 65 నిండింది 2009లో. అంటే పాత పింఛను, ఆ 2025లో వారానికి 176 పౌండ్ల 45 పెన్నీలు. దాని మీద ఇంకేదైనా కలవచ్చు, అది వేరే విషయం. కానీ టీవీలో ఆ పెద్ద అంకె వచ్చినప్పుడల్లా, "ముసలోళ్లకు బాగానే ఇస్తున్నారు" అని ఎవరో కుర్రాడు అన్నప్పుడల్లా, ఆ అంకె తనది కాదని ఆయనకు తెలుసు. ఈ ఒక్క ముక్క రాస్తే రిమోట్ విసరడం అర్థమవుతుంది. చాదస్తం అన్న మాటే రాదు.

ఇంకా లోపలికి వెళ్లు. చలికాలం ఇంధన భత్యం ఉంది కదా, 1997లో మొదలైంది. 80 దాటినవాళ్ల ఇంటికి 300 పౌండ్లు. 2024 జూలైలో ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ దాన్ని బాగా పేదవాళ్లకే పరిమితం చేస్తామన్నారు. దాదాపు కోటి మందికి ఆగిపోయింది. ఒంటరిగా ఉండే మనిషికి ఆ ఏడాది గీత ఎక్కడ గీశారో తెలుసా? వారానికి 218 పౌండ్ల 15 పెన్నీల దగ్గర. మామూలు పింఛనుకు గని పింఛను కొంచెం కలిసిందంటే చాలు, గీత దాటిపోతాడు. దాటింది పది పౌండ్లే కావచ్చు, పోయింది 300. ఏడాది తిరక్కుండా 2025 జూన్‌లో వెనక్కి తగ్గారు, ఏడాదికి 35,000 పౌండ్ల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు మళ్లీ ఇస్తామన్నారు. మధ్యలో ఒక చలికాలం గడిచిపోయింది. ఆ చలికాలంలో నువ్వు ఆయన ఇంటికి వెళ్తూనే ఉన్నావు. హాల్లో కోటు వేసుకుని కూర్చున్నాడా? ఒక్క గదిలోనే హీటర్ పెట్టుకున్నాడా? అది నీకు తెలుసు, కథలోకి మాత్రం రాలేదు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. అదే 2024 శరదృతువులో అదే ప్రభుత్వం గని కార్మికుల పింఛను నిధిలో తాను అట్టిపెట్టుకున్న 150 కోట్ల పౌండ్లను తిరిగి ఇచ్చింది. వాళ్ల పింఛను 32 శాతం పెరిగింది. ఎన్నో ఏళ్లు పోరాడి సాధించుకున్నది అది. ఆ సెప్టెంబరు 30నే దేశంలో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం మూతపడింది. 15 ఏళ్లకే గనిలో దిగిన మనిషికి ఆ మూడు నెలలు ఎలా ఉండి ఉంటాయో ఆలోచించు. ఒక చేత్తో తీసుకున్నారు, ఒక చేత్తో ఇచ్చారు, తన జీవితమంతా తవ్విన బొగ్గుతో ఇక పని లేదన్నారు. ఆయనను "ఈ ప్రభుత్వం గురించి ఏమంటారు?" అని అడిగితే ఒక్క వాక్యంలో జవాబు వస్తుందా? నువ్వు ఒక్క వాక్యమే రాశావు.

ఇక భాష సంగతి. ఆయన "పిట్" అన్న చోటల్లా నువ్వు "భూగర్భ గని" అని రాశావు. మా నాన్న ఇల్లందులో సింగరేణి కార్మికుడు. ఆయన ఏనాడూ భూగర్భ గని అనలేదు. "బాయికి పోతున్న" అనేవాడు. ఇక్కడివాళ్లు గుంట అంటారు, మనవాళ్లు బావి అంటారు. నేలలోకి దిగేవాళ్లకు ఎక్కడైనా చిన్న మాటే సరిపోయింది. నువ్వు ఖమ్మం పిల్లవు, ఆ మాట నీ చెవుల్లో ఉంది, వాడుకో. అలాగని ఆయనతో మొత్తం ఇల్లందు యాస మాట్లాడించకు. అప్పుడు ఆయన యార్క్‌షైర్ మనిషి కాకుండా పోతాడు. మామూలు తెలుగులో, పొట్టి వాక్యాల్లో మాట్లాడించు. ఆయన నిన్ను "లవ్" అంటాడు. దాన్ని నువ్వు "ప్రియమైన" అని రాస్తే మనవాళ్లు ఇంకేదో అనుకుంటారు. ఇక్కడ బస్సు డ్రైవర్‌ని, కూరగాయలమ్మేవాణ్ని కూడా అలాగే పిలుస్తారు. "అమ్మా" అని రాయి, సరిపోతుంది. మూడు రోజులు దగ్గుతో నిద్రలేని మనిషి "నాట్ టూ బ్యాడ్" అంటే "పర్వాలేదు" అని రాసి, దగ్గు ఎలా ఉందో నువ్వు చూపించు. తన గురించి ఆయన ఎప్పుడూ తక్కువే చెప్తాడు. దేశం గురించి మాత్రం గట్టిగా చెప్తాడు.

వాతావరణం గురించి ఆయన మాట్లాడిన పేజీ బోరు కొడుతుందని తీసేశానన్నావు. వెనక్కి పెట్టు. 1976 ఎండాకాలం గురించి ఆయన ఇప్పటికి నీకు ఎన్నిసార్లు చెప్పాడు? ఈ వయసువాళ్లంతా చెప్తారు. వానలు లేక నీళ్లు కరువై, ప్రభుత్వం కరువు కోసమే ఒక మంత్రిని పెట్టిన ఏడాది అది. ఇక్కడ ఎవరూ నేరుగా మనసులో మాటకు రారు. ముందు ఎండ, వాన, తర్వాత టీ, ఆ తర్వాతే అసలు సంగతి. ఆ దారి కొట్టేస్తే ఆయన అభిప్రాయాలు ఆకాశం నుంచి ఊడిపడినట్టు ఉన్నాయి.

ఇప్పుడు కష్టమైన చోటికి వస్తాను. "వలసల గురించి ఆయన అన్న మాట రాయలేదు పెద్దమ్మా, మనవాళ్లు ఆయన్ని అసహ్యించుకుంటారేమోనని భయం వేసింది" అన్నావు. నీ భయం నాకు తెలుసు. కానీ ఆ మాట లేకుండా ఈ మనిషి లేడు. 2016 జూన్ 23న ఈ బార్న్‌స్లీలో ఓటేసినవాళ్లలో 68 శాతం మంది యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలన్నారు. నీ పక్కన బస్సులో కూర్చునేవాళ్లు, నువ్వు మందులు ఇచ్చేవాళ్లు వాళ్లే.

2024 ఆగస్టు 4, ఆదివారం. ఇక్కడికి దగ్గర్లోనే, వాత్ ఊరి పక్కన, ఆశ్రయం కోరి వచ్చినవాళ్లు ఉన్న హోటల్ మీద గుంపు పడింది. లోపల మనుషులుండగానే నిప్పు పెట్టాలని చూశారు. ఆ సాయంత్రం మేము తలుపులు వేసుకుని టీవీ ముందు కూర్చున్నాం. ఇన్నేళ్లలో ఈ ఊళ్లో నేను భయపడింది ఆ ఒక్క రాత్రే. తొమ్మిదింటికి ఎవరో తలుపు కొట్టారు. ఎదురింటి పెద్దాయన. "ఏం కావాలన్నా ఫోన్ చెయ్యండి, రాత్రి ఎంతైనా సరే" అని చెప్పి వెళ్లాడు. పది రోజుల తర్వాత, అదే గుమ్మంలో నిలబడి, "ఆ పడవల్లో వచ్చేవాళ్లను మాత్రం ఆపాల్సిందే, మిమ్మల్ని కాదనుకోండి" అన్నాడు. నాకు మొదటి మాటకు కన్నీళ్లు వచ్చాయి, రెండో మాటకు ఒళ్లు మండింది. రెండు మాటలూ ఆయనవే. ఆ "మిమ్మల్ని కాదనుకోండి" అన్నది మాత్రం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. నువ్వు కూడా ఆ మాట వినే ఉంటావు. ఆయన్ని కాపాడొద్దు, కోర్టుకు ఎక్కించొద్దు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఏం చేస్తున్నాడో, నీ చేతులు ఏం చేస్తున్నాయో రాయి. నీకు కోపం వస్తే అదీ రాయి. నీ కథలో నువ్వు ఒక్కసారి కూడా బాధపడలేదు, అది నాకు నమ్మబుద్ధి కాలేదు.

2025 జూలై 22 నుంచి మీలాంటి కేర్ వర్కర్లను విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం ఆపేశారు కదా. ఆ వార్త వచ్చిన పొద్దున నువ్వు ఆయన ఇంట్లోనే ఉన్నావని ఫోన్లో చెప్పావు. టీవీలో ఆ మాట వస్తోంది, నువ్వు ఆయన మేజోళ్లు తొడుగుతున్నావు, ఆయన టీవీ వైపు చూసి నీ తల వైపు చూశాడు, ఏమీ అనలేదు. తల్లీ, కథ అక్కడుంది. దాన్ని ఫోన్లో చెప్పేసి, కథలో బ్యాంకు మూసేసిన సంగతి రాశావు.

అన్ని అభిప్రాయాలకూ సమాన చోటు ఇవ్వకు. బ్యాంకు, పార్కింగ్‌కు ఫోన్లో యాప్, పొద్దున ఎనిమిదింటికి డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం లైన్లో వేచి ఉండటం, ఇవన్నీ ఒక్క పేరాలో పోనివ్వు. ఒకటి మాత్రం వదలొద్దు. 2027 జనవరి కల్లా పాత ల్యాండ్‌లైన్లన్నీ తీసేస్తున్నారు. మెడలో వేసుకునే అలారం ఆ లైను మీదే పనిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆయన "మళ్లీ ఏదో మారుస్తున్నారట" అని విసుక్కుంటే అది ముసలితనపు విసుగు కాదు, కింద పడితే ఎవరు వస్తారన్న భయం. అది నీకంటే బాగా ఎవరికి తెలుసు?

ఇంకొకటి. మనిషి అభిప్రాయం మారడం కూడా చూపించు. పోస్టాఫీసుల సంగతి తీసుకో. 1999 నుంచి 2015 దాకా హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ చూపించిన తప్పుడు లెక్కలు నమ్మి, 900 మందికి పైగా పోస్టాఫీసు నడిపేవాళ్లను దొంగలుగా తేల్చారు. వాళ్లలో మన దేశం మూలాలున్నవాళ్లు చాలామంది. గర్భంతో ఉండగా జైలుకెళ్లిన సీమా మిశ్రా పేరు అప్పట్లో వార్తల్లో వినే ఉంటావు. 2024 జనవరిలో టీవీలో దాని మీద నాటకం వచ్చాకే దేశం మొత్తం కదిలింది, ఆ మేలో శిక్షలు రద్దు చేస్తూ చట్టం చేశారు. తన ఊళ్లో పోస్టాఫీసు నడిపినాయన నిజంగానే దొంగ అని ఏళ్ల తరబడి నమ్మిన పెద్దమనిషి, ఆ నాటకం చూశాక మర్నాడు ఏమన్నాడు? అసలు ఏమైనా అన్నాడా? ఇది ఎవరైనా రాస్తారని ఎదురుచూస్తున్నాను, నువ్వు రాసినా సరే.

చివరిగా ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకు. నువ్వు ఆ ఇంటికి వెళ్తున్నది పని మీద. అక్కడ విన్నది, చూసినది ఆ ఇంటివాళ్లది. ఆయన జబ్బు, ఆయన వీధి, ఆయన కొడుకు రావడం లేదన్న సంగతి ఉన్నదున్నట్టు రాస్తే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, నిన్ను నమ్మి తలుపు తీసిన మనిషికి ద్రోహం చేసినట్టు. "తెలుగులోనే కదా, ఆయన చదవడు" అనుకోకు. నేను అలాగే అనుకున్నాను. ఇద్దరు ముగ్గురిని కలిపి ఒక మనిషిని చెయ్యి. ఊరు మార్చు. వీలైతే ఆయనకే చెప్పు, "మా భాషలో మీలాంటి మనిషి గురించి రాస్తున్నాను" అని. సంతోషపడతాడని నాకు అనిపిస్తోంది. వద్దంటే మానెయ్యి.

డిసెంబరు మూడో వారం నుంచి ఇంట్లోనే ఉంటాను. సెలవు దొరికితే రా, గోంగూర ఉంది. వచ్చేలోపు ఒక పని చెయ్యి. ఈసారి టీ ఇస్తూ, 1985లో టౌన్‌కు బస్సు టికెట్టు ఎంత ఉండేదని ఆయన్ని అడుగు. ఆయన చెప్పిందంతా, అదే వరుసలో, ఏమీ సరిదిద్దకుండా నాకు రాసి పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ